బొంబాయి యూదులు: వీథులు చెప్పే చరిత్ర

ఒక ఊరి చరిత్రను తెలుసుకోవడానికి శాసనాలు, దస్తావేజులు, గ్రంథాలు ఉన్నవి. అవి మాట్లాడని చోట వీథుల పేర్లు మాట్లాడుతవి. మన పూర్వులు క్షేత్రానికి పోయినప్పుడు ముందుగా ప్రదక్షిణం చేసేవారు. కాలినడకన చుట్టివస్తే గాని స్థలమాహాత్మ్యం మనసుకు పట్టదని వారి విశ్వాసం. ఇటీవలి కాలంలో ప్రపంచంలోని పెక్కు నగరాలలో ఇట్టి ఆచారమే మరొక రూపంలో నెలకొన్నది. పది పదిహేనుమంది ఒకచోట కూడుకొంటారు. చరిత్ర తెలిసిన మార్గదర్శి వారిని వెంటబెట్టుకొని రెండు మూడు గంటలపాటు నడిపించి, ఒక్కొక్క కట్టడం ముందు నిలిచి దాని కథ చెబుతాడు. ఈ పాదయాత్రలలో యూదుల చరిత్రను చూపేవి ఒక ప్రత్యేక శాఖగా ఏర్పడినవి. ప్రాగు, వెనిసు నగరాలలో అవి ఎంత ప్రసిద్ధములో, మన దేశంలో కొచ్చి, కలకత్తా, బొంబాయి నగరాలలో కూడ అంత ఆదరం పొందుతున్నవి.

వెనిసులో ఈ నడకకు ఒక స్పష్టమైన ఎల్ల ఉన్నది. 1516లో ఆ నగర ప్రభుత్వం యూదులను ఒక చిన్న ద్వీపభాగంలో నివసింపజేసి, రాత్రివేళ ద్వారాలు మూయించినది. ‘ఘెట్టో’ అనే మాట అక్కడ పుట్టినదే. ప్రాగులోనూ యూదులకు వేరు పేట ఉండినది. అందుచేత ఆ నగరాలలో యూదుల చరిత్ర ఎక్కడ మొదలగునో, ఎక్కడ ముగియునో అడుగులతో కొలిచి చెప్పవచ్చును. బొంబాయిలో అది సాధ్యం కాదు. 1995 నుండి ముంబయిగా పిలువబడుతున్న ఈ నగరంలో యూదులను గోడ కట్టి నిలిపిన రాజు లేడు, దొర లేడు. వారి చరిత్ర రేవులోను, మిల్లులోను, బడిలోను, రైలుస్టేషను పేరులోను కలిసిపోయినది. ఇంతమాత్రాన గోడ ప్రసక్తి ఆ చరిత్రలో లేదనరాదు. ఒక గోడను కోరినవారు ఉన్నారు. వారు యూదులే. బొంబాయి పాదయాత్ర అర్థం కావలెనంటే ఆ గోడ దాకా నడవవలసి ఉన్నది.

సాధారణంగా ఈ యాత్ర కోటప్రాంతంలోని కాలా ఘోడా వద్ద ఆరంభమవుతుంది. ‘నల్లగుర్రం’ అనే ఈ పేరు ఎక్కడిదని యాత్రికులు మొదట అడుగుతారు. వేల్సు యువరాజుగా మన దేశానికి వచ్చి, తరువాత ఏడవ ఎడ్వర్డు రాజైన దొర గుర్రమెక్కి ఉన్న విగ్రహాన్ని 1879లో ఇచ్చట నిలిపినారు. దానిని బహూకరించినవాడు ఆల్బర్ట్ ససూన్ అనే యూదు వర్తకుడు. ప్రజలు రాజును వదిలిపెట్టి గుర్రాన్ని పట్టుకొన్నారు. ఆ చోటికి గుర్రం పేరే నిలిచినది. 1965లో విగ్రహాన్ని తీసి బైకలాలోని ఉద్యానానికి తరలించినారు. తరువాత యాభై ఏండ్లకు పైగా గుర్రం లేకుండనే ‘నల్లగుర్రం’ అనే పేరు చెలామణి ఐనది. 2017లో రౌతు లేని గుర్రపు బొమ్మ ఒకటి అక్కడ వెలసినది. పేరు రాజుకంటె గట్టిదని ఈ కూడలి చెబుతున్నది.

అచ్చటనే డేవిడ్ ససూన్ గ్రంథాలయం ఉన్నది. 1847లో టంకసాలలోను, ఓడల కర్మాగారంలోను పనిచేసే యువకులు చదువుకోరి ఏర్పరచుకొన్న సంఘం దానికి బీజం. 1870లో మలాడు రాతితో నేటి భవనం పూర్తియైనది. దానికి పేరైన డేవిడ్ ససూన్ 1792లో బాగ్దాదులో పుట్టినాడు. అక్కడి పాలకుని బాధలకు తాళలేక ఊరు విడిచి, 1832లో బొంబాయి చేరినాడు. 1853లో బ్రిటిషు పౌరసత్వం స్వీకరించినప్పుడు ఇంగ్లీషులో గాక హిబ్రూలో సంతకం చేసినాడు. గ్రంథాలయ ద్వారంలో తలపాగాతో, పొడవాటి అంగీతో నిలిచిన ఆయన ప్రతిమను చూస్తే దొరల పాలనలో లక్షలార్జించిననూ తన వేషాన్ని వదులుకోని మనిషి కనిపిస్తాడు.

నాలుగడుగులు వేస్తే కెనెసెత్ ఎలియాహూ మందిరం వస్తుంది. యూదులు కూడి ప్రార్థన చేసే స్థలానికి తెలుగు బైబిలు అనువాదకులు ‘సమాజమందిరము’ అనే చక్కని మాటను వాడినారు. డేవిడ్ ససూన్ మనుమడు జేకబ్ ససూన్ తన తండ్రి ఎలియాస్ స్మృత్యర్థం 1884లో దీనిని కట్టించినాడు. నీలిరంగు మందిరంగా చాలాకాలం పేరుపొందిన ఈ కట్టడాన్ని 2019లో జీర్ణోద్ధరణ చేసినారు. రంగుటద్దాల గుండా వచ్చే వెలుగు, చెక్క బల్లలు, పై అంతస్తులో స్త్రీల వసారా, ధర్మగ్రంథపు చుట్టలను భద్రపరచిన పేటిక యాత్రికులను ఆకర్షిస్తవి. కొలాబా చివర ససూన్ డాక్ ఉన్నది. పశ్చిమ తీరంలో వాణిజ్యానికి నిర్మించిన మొదటి నీటి డాక్ ఇదే. 1875లో అది పూర్తియైనది. నేడక్కడ తెల్లవారుజామున చేపల బజారు సాగుతున్నది.

ఈ కట్టడాలన్నిటి వెనుక ఉన్న ధనం ఎక్కడిదో చెప్పని మార్గదర్శి సగం చరిత్రనే చెప్పినవాడవుతాడు. ససూన్ కుటుంబం ప్రత్తి వ్యాపారంలో, వస్త్రాల వ్యాపారంలో పెరిగినది. దానితో పాటు చీనాదేశానికి నల్లమందు ఎగుమతి చేసి మహైశ్వర్యం గడించినది. తరువాత బొంబాయిలో నూలుమిల్లులు నెలకొల్పినది. దానం సత్యమే, దానికి మూలమైన ద్రవ్యంలో చీనా కుటుంబాల దుఃఖం ఉన్నదనుట కూడ సత్యమే. రాతిమీద చెక్కిన దాత పేరు చదివేవారు రెంటినీ చదవవలెను.

పెక్కు యాత్రలు ఇంతటితో ముగుస్తవి. కోటప్రాంతం దాటితే ఎండ, రద్దీ, బండ్ల చప్పుడు. కాని ఇచ్చట ఆగినవారు బొంబాయి యూదులనగా బాగ్దాదు వర్తకులే అనుకొని ఇంటికి పోతారు. ఈ నగరపు యూదులలో అధికసంఖ్యాకులు వారు కారు. ఆ అధికసంఖ్యాకులను చూడవలెనంటే రైలెక్కి ఉత్తరంగా ‘మసీదు’ స్టేషనులో దిగవలెను.

స్టేషనుకు ఈ పేరు ఒక ముసల్మాను మసీదు వలన వచ్చినదని ఎవరైనా అనుకొంటారు. సమీపంలోని యూదుల సమాజమందిరం వలన వచ్చినదని అక్కడి ప్రతీతి. మరాఠీ మాట్లాడే యూదులు తమ ప్రార్థనామందిరాన్ని ‘మశీద్’ అనే పిలుచుకొన్నారు. ఆ మందిరం సామ్యూల్ వీథిలో ఉన్నది. దాని హిబ్రూ నామం ‘కృపాద్వారం’ అని అర్థమిచ్చేది. 1796లో దానిని స్థాపించినవాడు సామ్యూల్ ఎజెకియెల్ దివేకర్. అతనికే సామాజీ హసాజీ దివేకర్ అని మరొక పేరు. కుంపిణీ సైన్యంలో అధికారిగా ఉండి, మైసూరు యుద్ధంలో టిప్పు సుల్తానుకు చిక్కినాడు. ‘ఇశ్రాయేలు సంతతివారు’ ఖురానులో పేర్కొనబడినవారని తెలిసి, సుల్తాను తల్లి వీరి ప్రాణాలు కాపాడినదని ఒక గాథ ఉన్నది. విడుదలై వచ్చిన తరువాత మొక్కుబడిగా ఈ మందిరం కట్టించినాడని చెబుతారు. 1860లో అది నేటి చోటికి మారినది. పాత బొంబాయి మండీల నడుమ, గోదాముల మధ్య, ఆర్భాటం లేకుండ నిలిచి ఉన్నది. దాత పేరు వీథికి నిలిచినది. మందిరం పేరు స్టేషనుకు నిలిచినది. రోజూ లక్షలమంది ఆ పేరును పలుకుతున్నారు; దానిలో ఒక యూదుని మొక్కుబడి దాగి ఉన్నదని తెలిసినవారు అరుదు.

ఇతని జాతివారే బెనే ఇజ్రాయేలీలు. ఎప్పుడో ఒక ఓడ కొంకణతీరంలో, అలీబాగుకు సమీపాన నవ్‌గావ్ వద్ద బ్రద్దలైనదనీ, ఏడు జంటలు మాత్రం ఒడ్డు చేరినవనీ వారి పరంపర చెబుతుంది. గ్రంథాలు సముద్రం పాలైనవి. ప్రార్థనలలో ‘షెమా’ ఒక్కటి మాత్రం నోట మిగిలినది. వారు తీరగ్రామాలలో స్థిరపడి గానుగలాడి నూనె తీసినారు. మన గాండ్లవారి వృత్తియే వారిదీని. శనివారం నాడు గానుగ కట్టరు గనుక ఇరుగుపొరుగువారు వారిని ‘శనివార్ తేలీ’ అన్నారు. దివే గ్రామస్థుడు దివేకర్, పేణ్ గ్రామస్థుడు పేణ్‌కర్, కెహీం గ్రామస్థుడు కెహీంకర్ ఐనారు. బొమ్మకు మ్రొక్కరు, పొలుసు, రెక్క లేని చేపను తినరు. ఆ చేపల నియమాన్ని చూచియే కొచ్చినుండి వచ్చిన ఒక రహాబీ వంశీయుడు వీరు యూదులని గుర్తించినాడని కథ. పద్దెనిమిదవ శతాబ్ది మధ్యభాగం నుండి వీరు గ్రామాలు విడిచి బొంబాయి చేరి సిపాయిలుగా, వడ్రంగులుగా, గుమాస్తాలుగా జీవించినారు.

వీరి చరిత్రలో సాహిత్యజ్ఞులు గమనింపదగినది భాష. మరాఠీ వారి ఇంటి భాష. స్కాట్లండు మిషనరీ జాన్ విల్సన్ 1832లో వీరి కొరకు మరాఠీలో హిబ్రూ వ్యాకరణం ప్రకటించినాడు. నిర్గమకథను చెప్పుకొనే పస్కా పండుగ గ్రంథం 1846లో మరాఠీ అనువాదంతో బొంబాయిలో అచ్చైనది. 1880 ప్రాంతంలో కొందరు యువకులు మహారాష్ట్ర హరిదాసుల పద్ధతిని స్వీకరించి అబ్రాహాము, యోసేపు, మోషేల కథలను కీర్తనలుగా కట్టి పాడినారు. మన హరికథకు సోదరి వంటి ఆ ప్రక్రియలో పురాణపురుషులు మారినారు, ధోరణి మారలేదు. ఏలియా ప్రవక్తకు మ్రొక్కుకొని, అటుకులు, కొబ్బరి, పండ్లు పెట్టి వారు సమర్పించే నైవేద్యానికి ‘మలీదా’ అని పేరు. నలిపినది అని అర్థమిచ్చే ఈ పారసీక పదమే తెలంగాణలో సద్దుల బతుకమ్మనాడు రొట్టె, బెల్లం కలిపి చేసే ‘మలీద’గా మన ఆడపడుచుల నోట ఉన్నది. వంటకం వేరు, మాట ఒక్కటే. ఒకే పదం ఇద్దరు దేవతల ముందు నైవేద్యమైనది.

ఈ సమాజంలో పుట్టినవారు నగరానికి చేసిన సేవకు శిలాఫలకాలు తక్కువ. హాయీం సామ్యూల్ కెహీంకర్ 1875లో ‘ఇజ్రాయెలైట్ స్కూలు’ స్థాపించినాడు. తన జాతి చరిత్రను 1897 నాటికి వ్రాసి ముగించినాడు. ఆ గ్రంథం ఆయన మరణానంతరం 1937లో టెల్ అవీవులో గాని వెలుగు చూడలేదు. డాక్టరు ఇ. మోజెస్ 1937లో నగర మేయరు ఐనాడు. డాక్టరు జెరూషా జిరాడ్ బొంబాయిలోని కామా ఆసుపత్రిలో స్త్రీల వైద్యానికి జీవితమర్పించి, 1966లో పద్మశ్రీ పొందినది. భారతదేశపు మొదటి టాకీ ‘ఆలం ఆరా’ 1931లో బొంబాయిలోనే విడుదలైనది. దాని కథారచయిత జోసెఫ్ డేవిడ్ ఈ జాతివాడే. మన ఎల్. వి. ప్రసాద్ చిన్న వేషంతో తెరకెక్కినది ఆ చిత్రంలోనే.

మసీదు స్టేషను నుండి ఉత్తరంగా సాగితే బైకలా వస్తుంది. అక్కడ 1861లో డేవిడ్ ససూన్ కట్టించిన మాగెన్ డేవిడ్ మందిరం ఎత్తైన గడియారపు గోపురంతో కనిపిస్తుంది. సామ్యూల్ వీథి మందిరానికీ దీనికీ దూరం స్వల్పం. ఐనను ఇద్దరు యూదులు ఒకే మందిరంలో ఎందుకు ప్రార్థించలేదని యాత్రికునికి సందేహం కలుగుతుంది. గోడ కథ ఇక్కడ చెప్పవలసి ఉన్నది.

బాగ్దాదునుండి వచ్చినవారు మొదట బెనే ఇజ్రాయేలీల మందిరంలోనే ప్రార్థించినారు. వారి శ్మశానంలోనే తమవారిని పాతిపెట్టినారు. కాని క్రమంగా వారికి స్థానిక యూదుల పుట్టుకమీద, ఆచారశుద్ధిమీద అనుమానం కలిగినది. 1836లో డేవిడ్ ససూన్ ప్రభృతులు శ్మశానంలో తమ భాగానికీ బెనే ఇజ్రాయేలీల భాగానికీ మధ్య ఒక గోడ కట్టించవలెనని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకొన్నారు. బాగ్దాదులో హింసపడి వచ్చినవాడు, ఏ నగరం తనకు గోడ కట్టక ఆశ్రయమిచ్చినదో ఆ నగరంలోనే, శవాల మధ్య గోడ కోరినాడు. ఈ దోషం వారి ఒక్కరిదే కాదు. బెనే ఇజ్రాయేలీలలోనూ ‘గోరా’, ‘కాలా’ అనే విభాగాలుండి, అన్యజాతి స్త్రీల సంతానమనబడిన వారితో వియ్యమందేవారు కారు. పరదేశంనుండి వచ్చిన మతం ఈ దేశపు పాటనూ, నైవేద్యాన్నీ నేర్చినట్లే కులాన్నీ నేర్చినది.

బైకలా మందిరం నుండి కొంచెం దూరం నడిస్తే కామాఠీపురా. ఏ యూదు యాత్రలోనూ దీనికి చోటు లేదు. కాని తెలుగు యాత్రికుడు అక్కడ నిలువక తప్పదు. పద్దెనిమిదవ శతాబ్ది చివరిలో హార్న్‌బీ వెల్లార్డు కట్టతో సముద్రపు గండి పూడిన పిమ్మట, ఆ పల్లపు నేలలో నిజాం రాజ్యంనుండి వచ్చిన తెలుగు కూలీలు కాపురముండినారు. రాయి మోసి, సున్నం కలిపి, గోడలు లేపి ఈ నగరాన్ని నిర్మించినవారిలో వారు ముఖ్యులు. మన నిఘంటువులలోని ‘కామాటి’యే ఆ పేరుకు మూలం. 1873లో ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి అండనిలిచిన బొంబాయి తెలుగు కాంట్రాక్టర్లు ఈ ప్రాంతంవారే. తరువాతి కాలంలో ఆ పేటకు వేరొక అపఖ్యాతి అంటినది. ఆ పేరులో మన కామాటి ఉన్నాడని మనవారే మరచిపోయినారు. ససూన్ పేరు రేవుమీద, గ్రంథాలయంమీద, బడులమీద చెక్కబడి ఉన్నది. దివేకర్‌కు ఒక వీథి దక్కినది. రాళ్లు మోసిన తెలుగువానికి ఒక పేట పేరు దక్కి, అదియు చెప్పుకొనరాని పేరైనది. కట్టించినవాడు చరిత్రలో ఉంటాడు, కట్టినవాడు ఉండడు. ఈ మాట యూదుల యాత్రలోనే బోధపడుట విశేషం.

1948లో ఇజ్రాయేలు రాజ్యం ఏర్పడిన తరువాత బొంబాయి యూదులు తరలిపోసాగినారు. ఇచ్చట వారిని ఎవరూ తరుమలేదు. ధర్మభూమిమీది మమకారం, బీదకుటుంబాలకు అక్కడ దొరకగల బ్రతుకుదెరువు, ముందు పోయిన బంధువుల పిలుపు ఇందుకు కారణాలు. ప్రథమంలో వారికి కష్టమే ఎదురైనది. వివక్షకు నిరసన తెలిపి 1952లో కొందరు తిరిగి బొంబాయి వచ్చినారు. 1960ల ఆరంభంలో అక్కడి మతాధిపతులు బెనే ఇజ్రాయేలీల వివాహాలకు వంశపరీక్ష విధించినారు; యెరూషలేములో ప్రదర్శనలు జరిగిన పిమ్మట 1964లో ఆ నిబంధన తొలగినది. 1836 నాటి శ్మశానపు గోడయే సముద్రం దాటి వారికి ఎదురువచ్చినట్లైనది. స్వాతంత్ర్యం వచ్చిన నాళ్లలో దేశంలో ఇరవై వేలకు మించిన యూదులు, నేడు ఐదువేలకు లోపుగా ఉన్నారు. 2016లో మహారాష్ట్ర ప్రభుత్వం వారికి అల్పసంఖ్యాక వర్గ ప్రతిపత్తి ఇచ్చినది.

2008 నవంబరు 26న నగరంమీద జరిగిన దాడిలో కొలాబాలోని ఛాబాద్ భవనం కూడ గురియైనది. పరదేశంనుండి వచ్చి అక్కడ ఉండిన మతగురువు, ఆయన భార్య, మరి నలుగురు అతిథులు మరణించినారు. 2014లో ఆ భవనాన్ని తిరిగి తెరచినారు. యూదుడని ఎన్నడూ ఎవరినీ వేధించని నగరమని గర్వించిన బొంబాయికి అది తీరని గాయం. నాటి నుండి సమాజమందిరాల వాకిట సాయుధులైన పోలీసులు నిలిచినారు. గోడ లేని నగరంలో గోడకు బదులుగా కావలి వచ్చినది. తాను ఎవరో కాగితం చూపి లోపలికి పోయే యాత్రికునికి ఈ మార్పు చెప్పకయే తెలుస్తుంది.

ఇంతలోనే మరొక దృశ్యం. మాగెన్ డేవిడ్ ఆవరణలో ససూన్ల పేర నెలకొన్న బడులున్నవి. యూదు పిల్లలు లేకపోవడంతో వాటిలో చదువుకొనే వారు దాదాపు అందరూ చుట్టుపట్ల ముసల్మాను ఇండ్ల పిల్లలు. మజ్‌గావ్‌లో కెహీంకర్ స్థాపించిన బడి, పిమ్మట ఎలీ కదూరీ పేరు వహించి, అదే విధంగా అన్యమతస్థుల పిల్లలకు చదువు చెప్పినది. కట్టినవారు వెళ్లిపోయినా బడి మూతపడలేదు. శ్మశానంలో గోడ కోరిన వంశంవారి ఆవరణలో పొరుగువారి పిల్లలు ఆడుకొంటున్నారు. చరిత్ర కొన్ని తప్పులను ఇట్లు నిశ్శబ్దంగా దిద్దుకొంటుంది.

జాతి పలుచబడిన తరువాత దాని స్మృతిని సాహిత్యం మోసినది. 1924లో బొంబాయిలో పుట్టిన నిస్సీం ఎజెకియెల్ బెనే ఇజ్రాయేలీయుడు; తన పూర్వులు గానుగవారని ఒక కవితలో తానే చెప్పుకొన్నాడు. 1983లో ఆయన ఇంగ్లీషు కవితాసంపుటికి సాహిత్య అకాదెమీ బహుమానం లభించినది. మరాఠీ కవయిత్రి ఇందిరా సంత్ కవితలను ఇంగ్లీషులోకి తెచ్చినవారిలో ఆయన ఒకడు. అహమ్మదాబాదులో పుట్టిన ఎస్తేర్ డేవిడ్, అలీబాగు తీరగ్రామంలో ఒంటరిగా మిగిలి సమాజమందిరాన్ని కాపాడే వృద్ధురాలిని నాయికగా చేసి నవల వ్రాసినది. 2010లో దానికి అదే బహుమానం వచ్చినది. ఇజ్రాయేలుకు వలసపోయినవారు అక్కడ ‘మాయ్‌బోలీ’ అనే పేరుతో మరాఠీ పత్రిక నడిపినారు. ఆ మాటకు తల్లిభాష అని అర్థం. రెండువేల ఏండ్లు యెరూషలేమును తలచుకొన్నవారు యెరూషలేము చేరి మరాఠీని తలచుకొన్నారు.

ఇండ్లు చేతులు మారుతవి; శ్మశానపు రాళ్లమీది అక్షరాలు అరుగుతవి. బొంబాయి యూదులు ఈ నేలకు ఇచ్చిపోయినది ఒక స్టేషను పేరు, ఒక వీథి, కొన్ని బడులు, కొన్ని పాటలు. తీసికొనిపోయినది ఒక భాష. అచ్చటి వీథులలో నడిచే తెలుగు రచయితకు రెండు ఋణాలు గుర్తుకు వస్తవి. సోలాపురంలో, సూరతులో, బొంబాయిలో, భివండీలో తరతరాలుగా మగ్గం నేసి, రాయి మోసి, పిల్లలకు వేరొక భాషలో చదువు చెప్పించుకొన్న తెలుగువారి వీథులు ఒకటి. మన ఊళ్లలోనే మన కళ్లముందే పేరు మారిపోతున్న పాతపేటలు రెండవది. సామ్యూల్ దివేకర్ కథను కెహీంకర్ వ్రాసిపెట్టినాడు గనుక నేడు మార్గదర్శి దానిని చెప్పగలుగుతున్నాడు. కామాఠీపురా వీథులలో తెలుగువారి కథ చెప్పవలసిన మార్గదర్శికి అట్టి గ్రంథం కావలసి ఉన్నది.